గీత మందం, గోడ లోతు

రాంనగర్ సందుల్లో ఎలివేషన్ అనే మాటకు ఒక స్థానికార్థం ఉంది. "ఇల్లు పూర్తయింది, ఇక ఎలివేషన్ చేయించాలి" అంటారు. ముందు గోడకు నాలుగు పట్టీలు, రెండు రంగులు, మెట్ల వైపు ఒక నిలువు గాజు పలక, పిట్టగోడకు స్టీలు కడ్డీలు: అదీ ఎలివేషన్ అంటే. చేపల మార్కెట్టు దగ్గర బయలుదేరి అడిక్‌మెట్ వైపు నడిస్తే ఇటువంటి ఎలివేషన్లు వరుసగా కనిపిస్తాయి. పాత పెంకుటిళ్ళ స్థానంలో వచ్చిన ఇళ్ళకు తొడిగిన కొత్త చొక్కాలవి. వాటి అందచందాల జోలికి నేను పోను. నేను మాట్లాడదలచుకొన్నది ఆ చొక్కా కుట్టకముందు కాగితం మీద గీసే ఎలివేషన్ గురించి, అందులోనూ ఒకే ఒక్క విషయం గురించి: గీత మందం. డ్రాఫ్ట్స్‌మన్‌లు లైన్ వెయిట్ అంటారు.

ఇది చాలా చిన్న విషయమని, ప్రింటు తీసే కుర్రవాడు చూసుకొనే సంగతని అనుకొనేవారు ఎక్కువ. ఇంజనీర్లలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఎలివేషన్‌లో గీత మందం అలంకారం కాదు, సమాచారం.

కారణం తేలికైనదే. మనం వీధిలో నిలబడి ఒక ఇంటిని చూస్తే దూరమైనది చిన్నదిగా, దగ్గరిది పెద్దదిగా కనబడుతుంది. ఎలివేషన్ బొమ్మలో అలా ఉండదు. రోడ్డు అంచున ఉన్న గేటు, దానికి ఐదడుగుల వెనక ఉన్న గోడ, ఆ గోడకు మరి నాలుగడుగుల లోపల ఉన్న వీధి తలుపు, మేడపైన ఎక్కడో వెనగ్గా ఉన్న నీళ్ళ ట్యాంకు, అన్నీ ఒకే కాగితం మీద, ఒకే తలంలోకి అణిగిపోయి వస్తాయి. పొడవు నిజం, ఎత్తు నిజం, లోతు మాత్రం మాయం. ఆ పోయిన లోతును చెప్పడానికి రెండే దారులు. ఒకటి నీడలు వేయడం. రెండోది గీతల మందంలో తేడా చూపడం. నిర్మాణానికి వెళ్ళే డ్రాయింగులో నీడలు వేసే ఓపిక ఎవరికీ లేదు. వేసినా కొలతల అంకెలు ఆ నీడల్లో మునిగిపోతాయి. ఇక మిగిలింది గీతే.

మా బంధువుల ఇల్లు ఒకటి, ఇక్కడికి రెండు వీధుల అవతల, కొన్నేళ్ళ క్రితం కట్టారు. మొదటి అంతస్తు నుండి పిట్టగోడ దాకా ఒక నిలువు పట్టీ, గోడకంటే అడుగు ముందుకు పొడుచుకు రావలసినది, ఎలివేషన్‌లో ఉంది. ప్లానులో లేదు; యజమానురాలు కోరితే తరువాత ఎలివేషన్‌లో మాత్రం చేర్చారట. బొమ్మలో అది రెండు నిలువు గీతలు. కిటికీ చట్రం గీతలు ఎంత మందమో, ప్లాస్టరింగులో గాడి గీతలు ఎంత మందమో, ఈ రెండు గీతలూ అంతే మందం. మేస్త్రీ దానిని గాడి అనుకొన్నాడు. గోడ కట్టాడు, ప్లాస్టరింగు చేశాడు, శుభ్రంగా రెండు గాడులు తీశాడు. ఆ తరువాత గోడకు రంధ్రాలు వేసి, ఇనుము నాటి, పట్టీ పోయవలసి వచ్చింది. ఖర్చు ఎవరు భరించాలన్న పంచాయితీలో డ్రాయింగు ఇచ్చిన కార్యాలయంవారు "ఎలివేషన్‌లో ఉంది కదా, చూసుకోవద్దా" అన్నారు. మేస్త్రీ అన్న మాట నాకు ఇంకా జ్ఞాపకం. "గీతలన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి సార్. ఏది ముందటికున్నది, ఏది ఎనకకున్నది, నాకెట్ల తెలుస్తది?"

ఆ ప్రశ్నకు ఆ కార్యాలయంలో ఎవరూ జవాబు చెప్పలేదు. ఖర్చు మా బంధువులదే అయింది.

చేతితో గీసిన రోజుల్లో ఈ తగువు రావడం కష్టం. అప్పటివారు మనకంటె తెలివైనవారని కాదు, పెన్ను మార్చకుండా మందం మారేది కాదు గనుక. ట్రేసింగ్ పేపరు మీద రోట్రింగ్ పెన్నులతో గీసినవారికి గుర్తుండే ఉంటుంది: 0.18కి ఎర్ర పట్టీ, 0.25కి తెల్లది, 0.35కి పసుపు, 0.50కి గోధుమ, 0.70కి నీలం. ఒక గీత ముగించి మరో పెన్ను అందుకొనే ఆ క్షణంలో "ఈ గీత ఏమిటి?" అన్న ప్రశ్న తప్పనిసరిగా ఎదురయ్యేది. ఆ అంకెల వరుస కూడా ఊరికే పెట్టింది కాదు. ఒక్కొక్కటీ దాని ముందుదానికి ఉరమరగా 1.4 రెట్లు, అంటే రెండు యొక్క వర్గమూలం. ఏ3 కాగితాన్ని ఏ2కి పెంచితే పొడవు పెరిగేది కూడా అన్ని రెట్లే. కాబట్టి 0.25తో గీసిన బొమ్మను పెంచితే అది 0.35 అవుతుంది, దాని మీద 0.35 పెన్నుతోనే దిద్దుకోవచ్చు. ఐ.ఎస్.ఓ. 128 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని గీతల వరుస ఇదే. మన దేశంలో కూడా భవన చిత్రాలకు ఐ.ఎస్. 962 అనే ప్రమాణం ఉంది, 1989లో సవరించినది. ఎంతమంది తెరచి చూస్తారో మరి.

అంతకు ముందు తరంవారి పద్ధతి ఇంకా ముచ్చటైనది. వెలుగు ఎడమ పైమూల నుండి 45 డిగ్రీల వాలుగా పడుతోందని భావించి, ముందుకు వచ్చిన ప్రతి వస్తువుకూ కుడి అంచును, కింది అంచును దట్టంగా గీసేవారు. నీడ వేయకుండానే నీడ ఉన్న భ్రమ కలిగేది. బాపుగారి బొమ్మల్లో గీత ఒకచోట లావై ఒకచోట సన్నమై పోవడం చూసి పెరిగినవారికి ఈ మర్మం వేరే చెప్పనక్కరలేదు.

ఆటోకాడ్ 1982లో వచ్చింది. ఆనాటి ప్లాటర్లు నిజంగానే పెన్నులతో గీసేవి. ఆరో ఎనిమిదో పెన్నులు ఒక చక్రంలో గుచ్చి ఉండేవి. తెరమీద ఎర్రరంగు అంటే మొదటి పెన్ను, పసుపు అంటే రెండోది, ఆకుపచ్చ అంటే మూడోది. అలా రంగు అనేది మందానికి మారుపేరయింది. పెన్ను ప్లాటర్లు పోయాయి, ఆ అలవాటు పోలేదు. వస్తువుకు నేరుగా మందం కేటాయించే సౌకర్యం ఆటోకాడ్ 2000తో వచ్చింది. అయినా నేటికీ మన కార్యాలయాల్లో సగానికి సగం రంగును బట్టి మందం నిర్ణయించే సీటీబీ పట్టికతోనే బండి నడుపుతున్నాయని నా అనుభవం.

అందులో ఇబ్బంది ఏమిటంటే, ఆ పట్టిక డ్రాయింగు ఫైలులో ఉండదు, విడిగా ఉంటుంది. డ్రాయింగును పెన్ డ్రైవులో వేసుకొని నారాయణగూడలో ప్లాటరున్న ఏ జిరాక్సు దుకాణానికో వెళతారు. పట్టిక ఇంట్లోనే ఉండిపోతుంది. దుకాణంవారు తమ యంత్రంలో ఉన్న పట్టిక ఎక్కిస్తారు. మోనోక్రోమ్ అని ఆటోకాడ్‌తో వచ్చే పట్టిక ఉంది. అది రంగులన్నిటినీ నలుపు చేస్తుంది గాని, మందాన్ని రంగును బట్టి మార్చదు, వస్తువుకు ఇచ్చిన మందాన్నే తీసుకొంటుంది. వస్తువుకు ఏమీ ఇవ్వకపోతే ఆటోకాడ్ తనంతట తాను వేసుకొనే 0.25 మి.మీ. వస్తుంది. నేల గీత 0.25, ఆకాశపు అంచు 0.25, గ్రిల్లు 0.25. మా బంధువుల ఇంటి ఎలివేషన్ కాగితం సరిగ్గా ఇలాగే ఉంది. కాబట్టి మందాన్ని రంగులో కాక లేయరులోనే రాసి పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఫైలు ఎక్కడికి పోతే మందం అక్కడికి పోతుంది.

అయితే అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లేయరులో రాయాలి సరే, ఏ లేయరులో?

మన లేయర్ల పేర్లు చూడండి. గోడ, కిటికీ, తలుపు, గ్రిల్లు, సజ్జా, మెట్లు. అన్నీ వస్తువుల పేర్లు. ప్లానుకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ప్లానులో కోతపడిన గోడ ఎక్కడైనా గోడే, ఎక్కడైనా దట్టమే. ఎలివేషన్‌లో అలా కాదు. ఎలివేషన్‌లో గీత వస్తువుకు చెందినది కాదు, రెండు తలాల మధ్య ఉన్న ఎడానికి చెందినది. పిట్టగోడనే తీసుకోండి. దాని పై అంచుకు అవతల ఆకాశం తప్ప ఏమీ లేదు. అక్కడ గీత దట్టంగా ఉండాలి. అదే పిట్టగోడ కింద రెండంగుళాల పట్టీ ఉంటే ఆ గీత సన్నంగా ఉండాలి. వస్తువు ఒకటే, లేయరు ఒకటే, గీతలు రెండు రకాలు. గోడతో సమంగా ఉన్న కిటికీకి ఒక మందం, బాల్కనీ వెనక నాలుగడుగుల లోపల ఉన్న కిటికీ ముందు కనబడే బాల్కనీ అంచుకు ఇంకో మందం. "గోడకు 0.35, కిటికీకి 0.25" అని ఒకసారి నిర్ణయించుకొని ప్లానుకూ ఎలివేషన్‌కూ అదే వాడినవారు ఎలివేషన్ గీయడం లేదు, కొలతల పట్టికను బొమ్మగా వేస్తున్నారు.

దీనికి ఉదాహరణగా నేను ఎప్పుడూ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కళాశాలను చెబుతాను. రాంనగర్ వారికి అది పొరుగు భవనమే. అడిక్‌మెట్ వంతెన దాటితే విశ్వవిద్యాలయపు నేల. బెల్జియన్ వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసినది, హైదరాబాదు వాస్తుశిల్పి జైన్ యార్ జంగ్ పాత్ర కూడా ఉన్నది. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభం. గులాబిచాయ గ్రానైటు. ఆ భవనపు ముఖానికి ప్రాణమంతా మధ్యలో ఉన్న ఎత్తయిన కమానులో ఉంది. అది గోడమీద చెక్కిన కమాను కాదు, గోడలోకి లోతుగా తొలిచిన కమాను. ఎండ ఎటు నుండి వచ్చినా లోపల నీడ నిలిచి ఉంటుంది. ఇరువైపులా రెక్కల్లో చిన్న చిన్న కమానుల వరుస.

ఈ భవనాన్ని అంతటా ఒకే 0.25 గీతతో గీశామనుకోండి. పెద్ద కమాను, చిన్న కమానులు, రాళ్ళ మధ్య అతుకులు, అన్నీ ఒకే గోడకు అంటించిన కాగితపు ముక్కలవుతాయి. లోపలికి వెళ్ళే దారి ఉందో లేదో కూడా చెప్పలేం. ఇప్పుడు నేల గీతను 0.70 చేయండి. ఆకాశానికి ఆనిన అంచును, అంటే మొత్తం భవనపు వెలుపలి రూపురేఖను, 0.50 చేయండి. పెద్ద కమాను అంచుకు వెనక ఉన్న ఎడం చాలా ఎక్కువ కనుక దానికీ 0.50 ఇవ్వవచ్చు, కొందరు ఒప్పుకోరు, రూపురేఖతో పోటీ పడుతుందంటారు, వారు 0.35తో సరిపెడతారు. నేను మాత్రం 0.50 పక్షమే. రెక్కలకంటె ముందుకు వచ్చిన మధ్య భాగపు నిలువు అంచులకు 0.35. చిన్న కమానులకు 0.25. వాటి లోపలి కిటికీలకు 0.18. రాళ్ళ అతుకులకు 0.13, అవి కూడా అన్నీ కాక అక్కడక్కడ. ఒక్క కొలత మారలేదు, ఒక్క గీత కొత్తగా చేరలేదు. కమాను లోపలికి వెళుతుంది, మధ్య భాగం ముందుకు వస్తుంది, భవనం నేలమీద నిలబడుతుంది. ఆ ఒక్క ఎలివేషన్‌ను ఇలా రెండు విధాలుగా ప్రింటు తీసి పక్కపక్కన పెట్టడం కంటె మంచి పాఠం డ్రాయింగు నేర్చుకొనేవారికి నాకు తోచదు.

కనుక ఎలివేషన్‌కు వేరే లేయర్లు కావాలి, వాటి పేర్లు లోతును చెప్పాలి: నేల, ఆకాశపు అంచు, పెద్ద మెట్టు, చిన్న మెట్టు, సమతలం. అడుగు పైన ఉన్న ఎడాన్ని పెద్ద మెట్టు అనుకోవచ్చు, అంతకు తక్కువైతే చిన్నది. సమతలం అంటే రంగో రాయో మారిన చోటు, గాడి, అతుకు. రూపురేఖను విడిగా ఒక పాలీలైనుతో మరల గీసి అన్నిటికంటె పైన ఉంచితే, కింద ఉన్న సన్న గీతల గజిబిజి దానిని చెడగొట్టదు. ఇంతే పని. ఒక ఇంటి ఎలివేషన్‌కు అరగంట పడుతుందేమో.

స్కేలు సంగతి కూడా ఒక మాట. 1:100 స్కేలులో 0.70 మి.మీ. గీత అంటే కట్టడంలో 70 మి.మీ. వెడల్పున్న నలుపు. దాదాపు సజ్జా మందమంత. మరి 20 మి.మీ. గాడిని అదే స్కేలులో గీస్తే దాని రెండు అంచుల మధ్య ఎడం కాగితం మీద 0.20 మి.మీ. మాత్రమే. ఆ రెండు అంచులనూ 0.25తో గీస్తే రెండూ కలిసిపోయి 0.45 మందంగల ఒకే గీత అవుతుంది. అంటే చదివేవానికి అక్కడ ఒక పెద్ద మెట్టు ఉన్నట్లు! లేని లోతు పుట్టుకొచ్చింది. 12 మి.మీ. కడ్డీల గ్రిల్లు గతి ఇంకా దయనీయం. ప్రతి కడ్డీకి రెండు గీతలు వేస్తే కిటికీ నిండా మసి పూసినట్లే. గాడికి ఒక్క సన్న గీత, కడ్డీకి ఒక్క సన్న గీత చాలు. అసలు బొమ్మలో ఎంత నిజం ఉందో అంతా గీయాలన్న తాపత్రయం కంప్యూటరుతో వచ్చిన జబ్బు. తెరమీద ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరకు పోవచ్చు గనుక కాగితం ఒకటుందన్నది మరచిపోతాం.

పైగా పనిచోటికి వెళ్ళేది ఏ1 కాగితం కాదు, దాన్ని కుదించిన ఏ3 జిరాక్సు. పొడవు సగమవుతుంది, గీతల మందమూ సగమవుతుంది. 0.13 గీత 0.065 అయి, రెండో జిరాక్సులో కనుమరుగవుతుంది. అలాకాక ఆటోకాడ్ నుండే నేరుగా ఏ3 మీద ఇమిడేలా ప్రింటు తీస్తే బొమ్మ తగ్గుతుంది గాని గీతల మందం తగ్గదు, లేఅవుట్‌లో మందాన్ని కూడా స్కేలు చేయమని చెబితే తప్ప. అప్పుడు అంతా నల్లబడుతుంది. ఒకే ఫైలు, రెండు దారులు, రెండు వేర్వేరు బొమ్మలు. ఫోనులో వాట్సాప్ ద్వారా వచ్చిన పీడీఎఫ్‌ను వేళ్ళతో పెద్దది చేసి చూసే మేస్త్రీల సంగతి సరేసరి. కంప్యూటరులో అక్రోబాట్ రీడర్ వాడేవారు దాని అమరికల్లో సన్న గీతలను స్పష్టం చేసే ఐచ్ఛికం ఒకటి ఉంటుందని గమనించాలి. అది ఉన్నంతసేపు సన్న గీతలన్నీ తెరమీద లావుగా, ఒక్కలా కనబడి మోసం చేస్తాయి.

మిగతా సాఫ్ట్‌వేర్లు ఈ పని తామే చేస్తాయని కొందరు మిత్రులు వాదిస్తారు. కొంత నిజమే. స్కెచప్‌లో ప్రొఫైల్స్ అనే సదుపాయం ఆకారాల వెలుపలి అంచులను తనంతట తాను లావు చేస్తుంది. కాని వెనక ఎడం రెండంగుళాలా ఆరడుగులా అన్నది దానికి పట్టదు. రెండిటికీ ఒకే లావు. రెవిట్‌లో పదహారు మందాలు, అవి స్కేలును బట్టి మారే ఏర్పాటు, దూరమయ్యేకొద్దీ గీతను వెలవెలబోయేలా చేసే ఏర్పాటు కూడా ఉన్నాయి. అయినా మూలంలో అదీ వస్తువుల వర్గాలను బట్టే మందం ఇస్తుంది. గోడ అంచు గోడ అంచే. అందుకే ఒక్కొక్క అంచునూ పట్టుకొని మందం మార్చుకొనే లైన్‌వర్క్ అనే పనిముట్టును వారే ఇచ్చారు. యంత్రం చేయలేని నిర్ణయం ఒకటుందని తయారుచేసినవారికి తెలుసు. కొని వాడుతున్న మనకే తెలియడం లేదు.

దీనికి తోడు ఇప్పుడు డ్రాయింగు చదివే మొదటి పాఠకుడు మనిషి కాదు. 2016లో హైదరాబాదు నగరపాలక సంస్థ ఇంటి అనుమతులను ఆన్‌లైన్ చేసింది. 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. ఈ మార్పుల వల్ల మేలే జరిగింది, ఫైలు పట్టుకొని బల్లల చుట్టూ తిరిగే అవస్థ తగ్గింది. కాని డ్రాయింగును పరిశీలించే సాఫ్ట్‌వేరు చూసేది లేయరు పేరును, గీత మూసుకొందా లేదా అన్నదాన్ని. గీత మందంతో దానికి పని లేదు. యంత్రాన్ని మెప్పించేందుకు తయారుచేసిన ఆ డ్రాయింగునే అనుమతి రాగానే పనిచోటికి పంపేయడం ఆనవాయితీ అయింది. అనుమతి కాగితం వేరు, కట్టే కాగితం వేరు అన్న తేడా చెరిగిపోయింది.

"త్రీడీ బొమ్మ ఇస్తున్నాం కదా, రంగుల్లో, చెట్లతో సహా" అన్నది ఆఖరి వాదన. ఆ బొమ్మ ఇంటి యజమానికి. దానిని చూసి ఆయన సంతోషించి బయానా ఇస్తాడు. దాని మీద స్కేలు పెట్టి కొలవలేం. పట్టీ అడుగు ముందుకుందో తొమ్మిదంగుళాలు ముందుకుందో అది చెప్పదు. సెంట్రింగ్ కొట్టేవాడికి కావలసింది కొలతలూ లోతూ రెండూ ఉన్న బొమ్మ. అంత అందమైన త్రీడీ బొమ్మకు రోజులు వెచ్చించేవారు ఎలివేషన్ గీతలకు అరగంట లేదనడం నాకు వింతగా ఉంటుంది.

డ్రాయింగు ఇచ్చే మిత్రులకు నాదొక విన్నపం. పంపేముందు ఒక్క ఏ3 ప్రింటు తీయండి, జిరాక్సుకు జిరాక్సు తీసినదైతే మరీ మంచిది. దానిని మేస్త్రీ చేతికిచ్చి, మీరేమీ చెప్పకుండా, అన్నిటికంటె ముందుకు ఉన్నదేదో, వెనకకు ఉన్నదేదో వేలితో చూపించమనండి. అతని వేలు ఎక్కడ తడబడితే అక్కడ గీత మందం మార్చి, మళ్ళీ ప్రింటు తీయండి.